గుండ్రటి జైల్లో పప్పన్నం

మొన్నొక సాయంత్రం పాలడబ్బా కొనుక్కుని వస్తుంటే, మా వీధి చివర పడవలు బాగుచేసే షెడ్డులో ఎవరో పాత ఔట్‌బోర్డు ఇంజనొకటి స్టార్ట్ చేశారు. పెట్రోలూ ఆయిలూ కలిసి కాలిన నీలం పొగ, ఎండకి కాగిన ఫైబర్‌గ్లాసు, ఎండి బిరుసెక్కిన తాళ్ళలోని ఉప్పు, ఈ మూడూ కలిసిన వాసన ముక్కుకి తగిలేసరికి ఉన్నచోటే నిలబడిపోయాను. నలభై దాటినదాన్ని, చేతిలో పాలు వేడెక్కుతున్నాయన్న ధ్యాస కూడా లేదు. అది మా బోటు వాసన.

ఎనభైల చివర్లో మేము ఆస్ట్రేలియా పడమటి తీరాన, పెర్త్‌లో ఉండేవాళ్ళం. తెలుగు మాట వినపడే ఇళ్ళు నాకు తెలిసి ఆ ఊరు మొత్తం మీద రెండే, మాదీ, డేవిడ్ అంకుల్ వాళ్ళదీ. తెనాలి నుంచి వచ్చిన మా నాన్న డాక్టరు. నరసాపురం దగ్గర పల్లె నుంచి వచ్చిన డేవిడ్ అంకుల్ అదే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవారు. ఆయన భార్య సుగుణ ఆంటీ నర్సు. వాళ్ళమ్మాయి షీబా, నేనూ ఒకే క్లాసు, ఒకే బెంచీ. గోదావరి మీద లాంచీలు చూస్తూ పెరిగిన అంకులూ, నీళ్ళంటే పంటకాలవ తప్ప ఎరగని మా నాన్నా కలిసి ఒక పాత బోటు కొన్నారు. దానికి ఏం పేరు పెట్టాలో ఇద్దరికీ కుదరక, వాదనలు సాగీ సాగీ, చివరికి అది పేరు లేకుండానే మిగిలిపోయింది.

ఎండాకాలం ఆదివారాలన్నీ ఆ బోటువే. జకరండా పూలు రాలి రోడ్లన్నీ ఊదారంగు తిరిగే రోజుల్లో, ఆంటీ చర్చికి కట్టుకున్న చీర మార్చుకోకుండానే, చెప్పులు చేత్తో పట్టుకుని జెట్టీ మీదికి పరిగెత్తుకొచ్చేది. స్వాన్ నదిలో నల్లహంసలు మా పక్కనే మెడలు వంచుకుని తిరిగేవి. షీబా, నేనూ జెల్లీ చేపల్ని దోసిళ్ళతో ఎత్తి ఒకళ్ళమీద ఒకళ్ళం విసురుకుని తిట్లు తినేవాళ్ళం. అంకుల్ వలతట్టలో చేపతల కట్టి వదిలితే నీలం పీతలు పడేవి. ఆ పీతల్ని ఆంటీ చింతపండు పులుసు పెడితే, ఆసుపత్రి పార్టీల్లో ఫోర్కుతో నాజూగ్గా తినే మా అమ్మ, పద్మ, పళ్ళతో డిప్పలు విరిచి, వేళ్ళు నాకి, మళ్ళీ వడ్డించమని గిన్నె చాపేది. ఆంటీ మా అమ్మని ‘వదినా’ అనేది. ఆ వరస ఎక్కణ్ణించి వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. నాకు తెలిసి మాకున్న చుట్టాలు వాళ్ళే.

నాకు పదేళ్ళప్పుడు, ఒక సెలవు రోజున, ఫ్రీమాంటిల్ చూసొద్దామని బయల్దేరాం. నది సముద్రంలో కలిసేచోట ఉన్న పాత రేవుపట్నం అది. అంతకుముందు కారులో వెళ్ళాంగానీ, ఊరిని నీళ్ళవైపునుంచి చూడటం అదే మొదలు. వంతెనల కింద మా కేకలు మాకే వినపడేలా అరుచుకుంటూ, నీళ్ళలో కాళ్ళు వేలాడేసినందుకు నాన్న చేత చీవాట్లు తింటూ, డాల్ఫిను కనపడిందని షీబా చెప్పిన అబద్ధాన్ని నమ్మి అటు పరిగెత్తి బోటు ఒక పక్కకి ఒరిగేలా చేసి, చివరికి పెద్ద ఓడల మధ్యకి చేరాం. వేల గొర్రెల్ని నింపుకున్న ఓడ ఒకటి అక్కడ లంగరేసి ఉంది. దాని కంపుకి అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే, ఆంటీ నవ్వి, “మా పల్లెలో చేపలెండేసే చోట నాల్రోజులుండు వదినా, ఇది సెంటు వాసనలా ఉంటాది,” అంది.

చేపల పడవల రేవులో బోటు కట్టేసి ఊళ్ళో తిరిగాం. ఊరంతా సున్నపురాయి. ఎండలో ఆ గోడలు కళ్ళు తెరవనిచ్చేవి కావు. చెప్పుల్లేకుండా కొట్లలోకి వెళ్ళే తెల్లవాళ్ళు, రోడ్డు మీద కుర్చీలేసుకుని కాఫీ తాగే ఇటాలియన్ ముసలాళ్ళు, పొట్లం విప్పితే చాలు మీద పడే సీగల్ పక్షులు, వేడి నూనెలో వేగే చేపల వాసన. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం మీదినుంచి గాలి లేచింది. రోజూ వచ్చే ఆ గాలిని అక్కడివాళ్ళు ‘ఫ్రీమాంటిల్ డాక్టర్’ అంటారు. “మా వాడు డ్యూటీకి వచ్చాడు,” అని నాన్న రోజూ వేసే జోకే వేశాడు. ఇసకలో భోజనాలకి కూర్చుంటే కళ్ళనిండా, పెరుగునిండా ఇసకే. అప్పుడు మెట్లెక్కితే పైన గుట్ట మీద ఒక గుండ్రటి రాతి కట్టడం కనపడింది. లోపలికి తొంగిచూసిన అమ్మ ముఖం విప్పారింది. చుట్టూ గోడ, గాలి సోకని వాకిలి, మధ్యలో నుయ్యి. గుమ్మంలో కూర్చున్న ముసలాయన్ని అన్నం తినొచ్చా అని నాన్న అడిగితే, ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, “నో వర్రీస్ మేట్,” అన్నాడు.

నూతి పక్కన దుప్పటి పరిచారు. నాన్నా అంకులూ రెండేసి ముద్దలు తిని, గాలి పెరుగుతోంది, బోటు తాడు చూసొస్తామని రేవుకి వెళ్ళారు. ఆంటీ పెద్ద బేసినులో పప్పన్నం నెయ్యేసి కలిపి, ముద్దలు చేసి అందరి అరచేతుల్లో పెడుతోంది. అమ్మ తను తెచ్చిన పులిహోర డబ్బా మూత తీసి పక్కన పెట్టింది. ఆ ముద్దల రుచి, నెయ్యి కారే వేళ్ళు, నూతి గట్టు నీడ, నాకు ఇప్పటికీ తెలుసు. ముద్ద చేతిలో ఉండగానే షీబా, నేనూ చుట్టూ ఉన్న గదుల్లో ఆడుకోవడానికి పరిగెత్తాం.

కిటికీలు లేని చిన్న గదులు. ఒక దాంట్లో గోడకి బోర్డు, దాని కింద ఫోటో. నల్లటి మనుషులు, ఈ దేశపు ఆదివాసులు, వరసగా నిలబడి ఉన్నారు. ఒకరి మెడనుంచి ఇంకొకరి మెడకి గొలుసు. కొందరి ముఖాలు మా నాన్న వయసు, కొందరివి మా క్లాసు పిల్లలకంటే కొంచెం పెద్ద. అంతమందిని ఆ గదిలో కుక్కి, తర్వాత పడవెక్కించి ఎదురుగా ఉన్న దీవికి పంపేవాళ్ళనీ, చాలామంది తిరిగి రాలేదనీ, ఈ గోడ బయటే ఒక మనిషిని ఉరి తీశారనీ బోర్డు మీద ఉంది. స్కూల్లో మాకు ఈ దేశం గురించి చెప్పింది తెరచాప ఓడలూ, ఉన్నీ గొర్రెలూనూ. ఈ నేల అసలు మనుషుల మెడకి గొలుసు వేశారని ఒక్క టీచరూ చెప్పలేదు. షీబా ఆ ఫోటో దగ్గరనుంచి కదల్లేదు. నేను అమ్మ దగ్గరికి పరిగెత్తాను.

అన్నం ముందు చావు మాట ఎత్తకూడదని మా ఇంట్లో నియమం. అందుకని అమ్మ చెవిలో గొణిగాను. “అమ్మా, ఇది జైలు. హియర్ దే హ్యాంగ్డ్ ఎ మ్యాన్.”

అప్పుడే అమ్మ అరచేతిలో ఆంటీ ముద్ద పెట్టింది. అమ్మ ముఖం పాలిపోయింది. చెయ్యి విదిలించింది. ముద్ద నేలమీద పడింది. బేసిను ఎత్తుకుని బయటికి వెళ్ళి, ఉన్న పప్పన్నమంతా గుట్ట మీదనుంచి పారబోసింది. పక్షులు గోలగోలగా వాలాయి. తిరిగొచ్చి సీసా నీళ్ళతో మోచేతులదాకా చెయ్యి కడుక్కుని, “లేవండి, లేవండి, తలమీద నీళ్ళు పోసుకోకుండా బోటెక్కడానికి వీల్లేదు,” అంది. నావైపు వంగి, “ఇల్లు చేరేదాకా ఆ మాట మళ్ళీ ఎత్తావంటే ఊరుకోను,” అంది.

ఆంటీ నూతి పక్కనే కూర్చుని ఉంది. ఇంకో ముద్ద చేసిన చెయ్యి అలాగే గాల్లో ఉంది. నేను చెవిలో ఏం చెప్పానో ఆమెకి వినపడలేదు. ఆమె చూసింది ఒక్కటే, తను పెట్టిన ముద్ద విదిలించి, అన్నం పారబోసి, చెయ్యి కడుక్కున్న మా అమ్మని.

అమ్మ చీరతోనే సముద్రంలో మూడు మునకలేసింది. నన్ను ముంచింది. “నువ్వూ మునుగు సుగుణా,” అని ఒడ్డుకి కేకేసింది.

“నాకెందుకండీ పద్మగారూ,” అంది ఆంటీ.

తిరుగుదారిలో ఎదురుగాలి లేదు గానీ వంతెనల కింద ఎవరూ కేకలు వెయ్యలేదు. పెద్దవాళ్ళు అలిసిపోయారనుకున్నాను. అమ్మ వణుకుతూ తడి చీర పిండుకుంటోంది, ఆంటీ నీళ్ళవైపు తిరిగి కూర్చుంది. షీబా మెడ చుట్టూ చేత్తో తడుముకుంటూ ఉంది. ఒక్క మాట పైకి అనేస్తే సరిపోయేదని నాకు తట్టనే లేదు. నా కళ్ళముందు గొలుసే ఉంది.

రెండు ఆదివారాలు వాళ్ళు రాలేదు. మూడో వారం షీబా బెంచీ మారి కూర్చుంది. ఎందుకని అడిగితే, “యువర్ మమ్ చక్డ్ అవర్ ఫుడ్. బికాజ్ మై మమ్ టచ్డ్ ఇట్,” అంది. వాళ్ళమ్మ ముట్టుకుందని మా అమ్మ అన్నం పారబోసిందట. నాకు అర్థం కాలేదు. చెయ్యి తగిలితే అన్నానికేమవుతుంది? ఇంటికొచ్చి అడిగితే నాన్న చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని, ఆంటీ పుట్టిన పల్లెలో మాలాంటి పెద్ద కులాలవాళ్ళు వాళ్ళ చేతి మంచినీళ్ళు కూడా తాగేవాళ్ళు కారనీ, వాళ్ళు ముట్టుకున్న గిన్నెని బయటే పెట్టేవాళ్ళనీ చెప్పాడు. మనుషుల్ని అలా చూసేవాళ్ళు ఆ గొలుసులు వేసిన తెల్లవాళ్ళు మాత్రమే అనుకున్నదాన్ని. అలాంటివాళ్ళలో మేము కూడా ఉన్నామని తెలిసిన ఆ సాయంత్రం, ఆ జైలుగదిలోకంటే ఎక్కువ భయపడ్డాను.

పక్కనే వింటున్న అమ్మ నిర్ఘాంతపోయింది. “రామ రామ! అదా సుగుణ అనుకుంది? దాని చేతి పులుసు ఎన్నేళ్ళు తిన్నాను!” అని నన్ను రెక్క పట్టుకుని అప్పటికప్పుడు వాళ్ళింటికి బయల్దేరింది.

ఆంటీ తలుపు తీసి, కూర్చోమంది. అమ్మ కూర్చోకుండానే నన్ను ముందుకి తోసింది. నేను బోర్డు సంగతి, ఉరి సంగతి, చెవిలో చెప్పిన సంగతి అన్నీ ఏడుస్తూ చెప్పాను. వింటూంటే ఆంటీ ముఖం నెమ్మదిగా సడలింది. దగ్గరికి తీసుకుని నా ముక్కు తుడిచింది. అంతా సర్దుకుందనుకున్నాను. అప్పుడామె ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

“మరి పులిహోరండీ?”

“ఏం పులిహోర?” అంది అమ్మ.

“మీరు తెచ్చింది. ఆ దుప్పటి మీదే ఉంది కదండీ, మూత తీసి. పప్పన్నం పారబోశారు. పులిహోరకి మూతపెట్టి బోటులోకి తెచ్చుకున్నారు.”

నాకు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో మేము ముగ్గురం ఆ పులిహోరే తిన్నాం. మిగిలింది మర్నాడు నా లంచ్‌బాక్సులో కూడా పెట్టింది. అమ్మ మెల్లిగా సోఫా అంచున కూర్చుంది. “అన్నం పెట్టు సుగుణా, తింటాను. నీ చేత్తో కలిపి పెట్టు,” అంది.

“ఇవాళ వండలేదండీ,” అంది ఆంటీ. లోపల కుక్కరు అప్పుడే విజిల్ వేసింది.

ఆ ఏడాదే అంకుల్‌కి సిడ్నీలో, వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. బోటు ఎవరికో ఇచ్చేశారు. షీబా ఇప్పుడు మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో ఉంటోంది. క్రిస్మస్‌కి మెసేజీ పెడితే జవాబిస్తుంది, అంతే. పోయినేడు ఫ్రీమాంటిల్ వెళ్ళాను. రేవులో గొర్రెల ఓడ కనపడలేదు. కుర్చీలేసుకుని కూర్చునే ఇటాలియన్ ముసలాళ్ళు లేరు. పేపరు చదివే ఆ గుమ్మం ముసలాయన ఎప్పుడో పోయి ఉంటాడు. జైలు వాకిట్లో ఇప్పుడు ఎవరూ అన్నాలు తినరు. పెర్త్‌లో తెలుగువాళ్ళు ఎంతమందో లెక్కే లేదు, ప్రతి పండక్కీ హాలు నిండిపోతుంది. అమ్మని అందరూ ఆంటీ అని పిలుస్తారు. ఒకరి చేతి ముద్ద ఒకరు తినడం నేనెక్కడా చూడలేదు, అందరికీ ప్లేట్లూ స్పూన్లూ వచ్చేశాయి.

అక్కణ్ణించి వచ్చిన రోజు, ఇన్నేళ్ళకి మొదటిసారి ధైర్యం చేసి అమ్మని అడిగాను, ఆ రోజు పులిహోర ఎందుకు పారబొయ్యలేదని. కోప్పడుతుందనుకున్నాను. అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ తలెత్తలేదు.

“నేనాలోచించి చెయ్యలేదే,” అంది. “ఆలోచించి ఉంటే రెండూ పారబోసేదాన్ని.”