సీటు వణికిన మధ్యాహ్నం

నెవిల్ ట్రెస్కాట్ పెళ్లికి ముందు నుంచే అడిలైడ్‌కీ పెర్త్‌కీ మధ్య లారీ తోలుతున్నాడు. ఒకప్పుడు ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కునుకు తీయాలో అతని ఇష్టం. ఇప్పుడు స్టీరింగ్ ఎదుట ఓ చిన్న కెమెరా వచ్చి కూర్చుంది. రెప్ప వాలితే చాలు, సీటు గడగడా వణుకుతుంది. వెంటనే ఆఫీసు నుంచి ఫోను. పుట్టుకతోనే నెవిల్ ఎడమ రెప్ప కాస్త వాలి ఉంటుంది. దాంతో ఊరికూరికే సీటు వణికేది.

"మళ్లీ నిద్రేనా నెవిల్?" అని ఆఫీసులో కోరలీ అడిగేది.

"నా మొహమే అంత తల్లీ! కావాలంటే మా అమ్మనడుగు."

పైకి వేళాకోళమే గానీ లోపల బెదురు. ఇలాంటి హెచ్చరికలు ఎక్కువయ్యాయనే తోటి డ్రైవరు లైల్‌ను పనిలోంచి తీసేశారు.

ఆ మధ్యాహ్నం నల్లార్బర్ మైదానంలో సీటు మళ్లీ వణికింది. "దీని దుంప తెగ" అని తిట్టుకుంటూ నెవిల్ కళ్లు తెరిచాడు. తెరిచాక గానీ అవి మూసుకుపోయాయని తెలియలేదు.

ఎడమ చక్రాలు కంకర మీద పరుగెడుతున్నాయి. ఎదురుగా, రోడ్డు పక్కన ఆగిన కారవాన్, కారు వెనక లాక్కెళ్లే చిన్న ఇల్లు లాంటి బండి. దాని ముందు మడత కుర్చీలో ఒక ముసలావిడ, చేతిలో టీ కప్పుతో, కదలకుండా అతన్నే చూస్తోంది. స్టీరింగ్ గబుక్కున తిప్పితే వెనక తగిలించిన ట్రెయిలర్లు రెండూ ఆవిడ మీదే పడతాయి. ఊపిరి బిగబట్టి, కొద్దికొద్దిగా తిప్పాడు. కుర్చీ పక్కనుంచి లారీ దూసుకుపోయింది. దుమ్ములో ఏమీ కనబడలేదు.

చాలా దూరం వెళ్లాక ఆగింది. అద్దంలో చూస్తే ఆవిడ లేచి నిలబడి ఉంది. నెవిల్ కిందికి దిగబోయాడు. మెట్టు మీదే కూలబడ్డాడు.

ఫోను మోగింది. నా మొహమే అంత అంటే సరిపోతుంది. కోరలీ నమ్ముతుంది.

"మళ్లీ నీ రెప్పేనా?"

"కాదు కోరలీ. ఈసారి నిజంగానే నిద్రపోయాను. ఒకావిణ్ణి చంపేసేవాణ్ణి."

"తాళం తీసెయ్. ఇక కదపకు. వేరే మనిషిని పంపుతా."

ఇంతలో ముసలావిడ నడిచొచ్చింది. తిడుతుందనుకున్నాడు. "బతికే ఉన్నావా నాయనా?" అంది.

తర్వాత పరీక్షలు చేసి, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బని డాక్టర్లు తేల్చారు. లైసెన్సు ఆపేశారు. రాత్రుళ్లు ముక్కుకు గాలి పంపే మిషను గొట్టం పెట్టుకుని పడుకోవడం అలవాటయ్యాక తిరిగిచ్చారు. "ఇక మానెయ్యరాదూ" అని భార్య ఐవీ పోరింది. వేరే పని చేతకాక మళ్లీ లారీ ఎక్కాడు.

ఇప్పుడు సీటు వణికితే భయం లేదు. చాలాసేపు వణక్కపోతేనే, అది పనిచేయడం మానేసిందేమోనని భయం. అప్పుడు కిటికీ అద్దం దించి, కునుకు పట్టకుండా ఎదురొచ్చే ప్రతి బోర్డునూ పైకి చదువుకుంటూ పోతాడు.