మా కొట్టాల బొడ్రాయి

పోయిన వారం ఇంజనీరు పిల్లవాడొకడు మా వీధిలోకి వచ్చి, నడివీధిలో ఉన్న బొడ్రాయి ముందు నిలబడి, చేతిలోని పలకంత ఫోనును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, చివరికి తానే ఒక చుట్టు తిరిగాడు. మా మనవడు మిద్దె మీద ఇంకో గది వేయడానికి అర్జీ పెట్టుకుంటే చూసిపోవడానికి వచ్చాడు పాపం. నేను అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. ఎండకు అతని మొహం కందిపోయింది. పిలిచి మజ్జిగ ఇచ్చి, ఏం నాయనా, ఏమైనా పోగొట్టుకున్నావా అని అడిగాను. రాయి దగ్గర్నుంచి కొలిస్తే ఇళ్ళూ రోడ్డూ పాత ప్లానులో గీసినట్టే ఉన్నాయట, చెరువు మాత్రం కుదరడం లేదట. చెరువు దగ్గర్నుంచి కొలిస్తే చెరువు సరిపోతుందట గానీ, రోడ్డు పోయి వెనక వీధి ఇళ్ళ మీద పడుతోందట. అతని తికమక చూసి నాకు జాలీ వేసింది, నవ్వూ వచ్చింది. తికమక మా కొట్టాలకు కొత్త కాదు. నేను కాపురానికి వచ్చిందే దానిలోకి.

మా పుట్టిల్లు కణేకల్ వైపు. కాలువ పారేది, వరి పండేది. అరవైల మొదట్లో మా నాయన ఈ సంబంధం చూసి వచ్చి, పిల్ల టౌనుకు పోతాండాదని అమ్మకు సంబరంగా చెప్పాడు. పెళ్ళయ్యాక అనంతపురంలో బస్సు దిగి, ఎద్దులబండి ఎక్కి, బుక్కరాయసముద్రం దారిన పోతున్నాం. టౌను వచ్చింది, టౌను అయిపోయింది, బండి మాత్రం ఆగలేదు. కరెంటు స్తంభాలు దారి కింద నీళ్ళు పోయే ఒక మోరీ దాకా మాతో వచ్చి, అక్కడ నిలిచిపోయాయి. మోరీ దాటితే ఒక పక్క జొన్నచేను, ఒక పక్క నెర్రెలు విచ్చిన చెరువు, ఆ నడుమ బోద కప్పిన కొట్టాలు, మట్టిమిద్దెలు నాలుగు. అదే నా అత్తగారి ఊరు. సినిమా పేరు చెప్పుకుంటూ మైకుబండి కూడా మోరీ దాకా వచ్చి వెనక్కి తిరిగేది. అందువల్ల ఏ సినిమా ఆడుతోందో మాకు వినపడేది, ఏ టాకీసులో ఆడుతోందో వినపడేది కాదు. ఇది టౌనా, పల్లెనా అని మా ఆయన్ను అడిగితే, ఆయన శెనక్కాయల మిల్లులో పనికి పోతూ, పొద్దున టౌను, సాయంత్రం పల్లె అన్నాడు. నేను పొద్దంతా ఇంట్లోనే ఉండేదాన్ని కాబట్టి, నాకు ఏదన్నదీ తేలలేదు.

మా కొట్టాల్లో ఎవరిని అడిగినా మాది ఈ ఊరు కాదు అనేవాళ్ళే. మా అత్తామామలు యాభైల నాటి కరువులో బెళుగుప్ప నుంచి మూటాముల్లె కట్టుకుని వచ్చారు. పక్కింటి సాయిబన్న, అంటే మా అత్త అన్నా అని పిలిచే బండి సాయిబు, ఇంకెక్కడో కరువు తరిమితే వచ్చాడు. ఎదురింటి అక్క వాళ్ళు క్రైస్తవులు, ఆమె టౌను ఆసుపత్రిలో ఆయా. తిన్నగా చూస్తే అందరినీ తెచ్చింది వానే, రాకపోవడం వల్ల. మేము పంచాయతీ వాళ్ళమా, మునిసిపాలిటీ వాళ్ళమా అన్నది దేవుడికే తెలియాలి. దీపం కావాలంటే మీది మా హద్దులో లేదనేవారు ఇద్దరూ. జనాభా లెక్కలకు మాత్రం ఇద్దరూ వచ్చారు. ఉదయం టౌను నుంచి ఒకాయన వచ్చి మా పేర్లు రాసుకుని పోయాడు, మధ్యాహ్నం పల్లె వైపు నుంచి ఇంకొకాయన వచ్చాడు. మా అత్త ఇద్దరికీ జొన్నరొట్టె పెట్టి పంపింది. సాయంత్రం ఇద్దరూ మోరీ దగ్గర ఎదురుపడి చాలాసేపు మాట్లాడుకున్నారని విన్నాం. మమ్మల్ని రెండుసార్లు లెక్కపెట్టారో, ఒకరి మీద ఒకరు వదిలేసి అసలే మానుకున్నారో ఇప్పటికీ తెలియదు.

మా అత్త పొట్టి మనిషి, గొంతు మాత్రం గట్టిది. తెల్లారి లేస్తే ఆమెకు ఒకటే బాధ, ఈ కొట్టాలకు బొడ్రాయి లేదని. ఊరు పుట్టినప్పుడు నడిమధ్యన ఒక రాయి నాటి, కింద నవధాన్యాలు పోసి, పసుపు కుంకుమ పెడితేనే అది ఊరు. అది లేకపోతే, ఎన్ని ఇళ్ళున్నా మనం దారిన పోతూ ఆగిన వాళ్ళమే, ఎవడైనా వచ్చి లేచిపొమ్మంటే లేచి పోవలసిందే అని ఆమె భయం. ఒకసారి లేచిపోయి వచ్చిన మనిషి కదా. నేను కొత్తకోడలిని, తలూపేదాన్ని. కాలువ ఊళ్ళో పుట్టినదానికి ఆ భయం ఎక్కడ అర్థమవుతుంది?

అలాంటి రోజుల్లో ఆఫీసరు ఒకాయన జీపులో వచ్చి, దాని ముందుభాగం మీద ప్లాను పరిచాడు. టౌను పెరుగుతుందట, ఇక్కడ కాలనీ వస్తుందట. గులాబీ రంగు ఇళ్ళకు, పచ్చరంగు పార్కుకు, నీలం చెరువుకు. అసలు చెరువులో చుక్క నీరు లేదు, కాగితంలో మాత్రం కళకళలాడుతోంది. పార్కు అంటే ఏమిటని ఎవరో అడిగితే, చెట్లు పెంచి జనం ఊరికే కూర్చునే చోటు అన్నాడు. తాగడానికి రెండు మైళ్ళు నడిచి నీళ్ళు మోసే ఆడవాళ్ళం మొహాలు చూసుకున్నాం. గులాబీ రంగు మనుషుల నివాసానికే, అందులో గొడ్లను కట్టరాదని కూడా చెప్పాడు. నా ఎద్దుల నివాసం నాతోనే కదా అని సాయిబన్న అడిగితే, ఆయన చాలాసేపు ప్లానులోకి చూసి, అది తర్వాత ఆలోచిద్దాం అన్నాడు. పోతూ పోతూ అక్కడక్కడా చిన్న రాళ్ళు, చెరువుకట్ట మొదట్లో నున్నగా చెక్కిన ఒక పెద్ద రాయి నాటించి పోయాడు. దాని మీద బాణం గుర్తు చెక్కి ఉంది.

ఏడాది దాటినా మళ్ళీ ఎవరూ రాలేదు. చిన్న రాళ్ళు ఒక్కొక్కటే ఇళ్ళకు చేరాయి, ఒకటి బట్టలుతికే బండ అయింది, ఒకదానికి మేకను కట్టేశారు. పెద్దరాయి మాత్రం కట్ట మీద ఒంటరిగా నిలబడి ఉండేది. మా అత్త అటు పోయినప్పుడల్లా దాన్ని చూసి నిట్టూర్చేది. ఒకనాడు తేల్చేసింది, సర్కారే మనకు బొడ్రాయి ఇచ్చిందని, ఆఫీసరుకు పద్ధతి తెలియక నడిమధ్యన నాటాల్సింది ఊరి చివర నాటి పోయాడని. ఇందులో తప్పు ఉందని మా కొట్టాల్లో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు, ఎవరి ఊళ్ళో రాయి ఎక్కడుండాలో కోడలికేం తెలుసు. సాయిబన్న బండి కట్టాడు. పట్టపగలు, తప్పెట కొట్టుకుంటూ రాయిని తెచ్చారు. ఎదురింటి అక్క పాలు తెచ్చి, తన ప్రార్థన తాను చేసుకుంది. తీరా నాటే వేళకు ఒక చిక్కొచ్చింది. బొడ్రాయికి ఊరి ఆడబిడ్డ నీళ్ళు పోయాలి. మా ఊళ్ళో పుట్టిన ఆడపిల్లలంటే ఇంకా బిందె ఎత్తలేని పసివాళ్ళే. మా అత్త చుట్టూ చూసి, బిందె తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఈ పొద్దు నుంచి నువ్వే ఈ ఊరి ఆడబిడ్డవు, పొయ్యమ్మా" అంది. పొద్దున కోడలిగా లేచినదాన్ని మధ్యాహ్నానికి కూతురినయ్యాను. ఇప్పుడు నేను ఈమెకు ఏమవుతానా అనుకుంటూనే నీళ్ళు పోశాను.

ఆ తర్వాత వచ్చిన ఆఫీసరు వేరు, మొదటాయన బదిలీ అయిపోయాడు. ఈయన కోస్తా మనిషి. నేలను కొలిచే గొలుసు పట్టే మనిషిని వెంటబెట్టుకుని వచ్చి, రాళ్ళ కోసం వెతికి వెతికి, బొడ్రాయి దగ్గర ఆగాడు. గొలుసతను నీళ్ళు చల్లి తుడిస్తే పసుపు కింద బాణం గుర్తు బయటపడింది. ప్లానులో కొలతలన్నిటికీ ఆ రాయే మొదలట, అక్కడి నుంచి కొలవడం మొదలుపెట్టారు. నేను వంటింట్లో సంగటి కెలుకుతున్నాను. గొలుసతను నేరుగా లోపలికి వచ్చి, గొలుసు తెచ్చి నా పొయ్యి పక్కన పెట్టి, "కొంచెం అట్ల జరుగమ్మా. నువ్వు రోడ్డు నడిమద్దెన ఉండావు" అన్నాడు. తెడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రోడ్డు మీద సంగటి ఎందుకు చేస్తున్నానో నాకు అర్థం కాలేదు.

బయట ఆఫీసరు ప్లానును తలకిందులు చేసి చూస్తున్నాడు. మొదటాయన గీసినదాని ప్రకారం ఆ రోడ్డు మా ఇళ్ళ వెనక ఖాళీనేలలో పోవాలి. రాయి జరిగింది కాబట్టి, రోడ్డూ దాంతోపాటు జరిగి వచ్చి మా వంటింట్లో పడింది. ఆ సంగతి ముందుగా మా మామకు తట్టింది, తర్వాత సాయిబన్నకు, తర్వాత అందరికీ. ఊరంతా మా అత్త వైపు చూసింది. నిజం చెబితే రాయిని పెకిలించి మళ్ళీ కట్ట మీద నాటుతారు, మా వంటిల్లు దక్కుతుంది. కానీ నాటిన బొడ్రాయిని లేపితే ఊరు నిలవదు. పైగా సర్కారు రాయిని బండెక్కించినందుకు సాయిబన్నను స్టేషనుకు తీసుకుపోతారు. "చెరువేమైనా పక్కకి జరిగిందా ఏమిటయ్యా?" అని ఆఫీసరు గొలుసతన్ని అడిగి, మా వైపు తిరిగి, "ఈ రాయి మావాళ్ళు పాతింది ఇక్కడేనా?" అన్నాడు. సాయిబన్న భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు. అతను నోరు తెరిచేలోగా మా అత్త అడ్డుపడింది.

"అన్నా, నువ్వుండు" అంది. ఆఫీసరుతో, "రాయి ఈడిదే సామీ. మా ఇల్లే దావకు అడ్డం కట్టుకున్యాము" అంది.

వంటిల్లు, దాని పక్కన గొడ్లపాక పోయాయి. నాకు చచ్చేంత కోపం వచ్చింది. కొత్తగా వచ్చినదాన్ని, ఆ ఇంట్లో నాదంటూ ఉండేది ఆ పొయ్యి ఒక్కటే. రెండు రోజులు మా అత్తతో మాట్లాడలేదు. మూడోరోజు కూలిన గోడలోంచి పనికొచ్చే రాళ్ళు ఏరుకుంటూ, ఎందుకత్తా అట్ల చెప్పినావు అని అడిగేశాను. ఆమె చేతిలోని రాయి కింద పెట్టింది. "బెళుగుప్పలో మాకు ఇల్లుండె, ఊరుండె. కరువుకు రెండూ ఇడిసిపెట్టి వస్తిమి. ఇల్లు మళ్ళా కట్టుకుంటిమి. ఊరు ఇప్పుడే కదమ్మా అయ్యింది" అంది. అని కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే అనుకున్నాను అప్పుడు. ఎదురింటి అక్క తన పొయ్యి నాకు ఇచ్చి, తాను డ్యూటీ నుంచి వచ్చాక వండుకునేది. సాయిబన్న అదే బండిలో బండలు తోలి, ఇంటికి ఇంకో పక్కన వంటిల్లు కట్టేదాకా ఊరుకోలేదు. తర్వాత రోడ్డు కూడా మాకు అడ్డంగా కొంచెం వేసి, కంకర అయిపోయిందని ఆపేశారు. ఎన్నో ఏండ్లకు గానీ పూర్తి కాలేదు. మునిసిపాలిటీనా పంచాయతీనా అన్నది ఆ రోడ్డు పడ్డాక కూడా తేలలేదు గానీ, మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే మాత్రం మా కొట్టాల వాళ్ళు ఇదే మా ఊరనడం మొదలుపెట్టారు.

ఇదంతా ఇంజనీరు పిల్లవానికి చెప్పలేదు. ఒకప్పటి ఖాళీనేలే ఇప్పటి వెనక వీధి, అక్కడ సాయిబన్న మనవళ్ళు మూడంతస్తుల ఇళ్ళు కట్టుకున్నారు, చెరువు నుంచి కొలిస్తే రోడ్డు పడేది వాళ్ళ మీదే. అతను మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "ఈ రాయి మొదటి నుంచీ ఈడే ఉండాదా అవ్వా?" అని అడిగాడు. నేను ఈ ఊరి ఆడబిడ్డను, నీళ్ళు పోసినదాన్ని. "రాయి ఈడిదే నాయనా. చెరువే జరిగింటాది" అన్నాను. అతను నవ్వలేదు, ఫోనులో ఏదో రాసుకుని పోయాడు. మా అత్త పోయి ఎన్నో ఏండ్లయింది. ఆమె వంటిల్లు ఉన్న చోట ఇప్పుడు స్కూలు బస్సులు తిరుగుతున్నాయి. ఈ వయసులో ఏది ఎప్పుడు జరిగిందో, ఎవరు ముందు పోయారో నాకూ తికమకగానే ఉంటుంది గానీ, రోడ్డు దాటిన ప్రతిసారీ ఆ పొయ్యి ఉన్న చోట నా కాళ్ళు ఇప్పటికీ కొంచెం పక్కకు జరుగుతాయి.