అడ్డం నిలబడే మనిషి

“మనల్ని చూసి అది ఆగాలి తమ్ముడూ, దాన్ని చూసి మనం జరక్కూడదు. అంతే నా ఉద్యోగం. అదీ చేతకాలేదు ఇవాళ,” అంది ఆమె, కాలు స్టూలు మీదికి ఎత్తి పెట్టుకుంటూ.

వింటున్నది పక్కవాటా కుర్రాడు. ఆమె పనిచేసే గోదాములోనే పెట్టెలకు చీటీలు అంటిస్తాడు.

ఆ గోదాములో సరుకు మోసే బండ్లకు డ్రైవరుండడు. దారి అవే వెతుక్కుంటాయి. కొత్త బండి వచ్చినప్పుడల్లా పసుపు గీతల మధ్య ఆమె అడ్డం నిలబడాలి. ఒక్కోసారి వంగాలి, ఒక్కోసారి చేతిలో చీపురు జారవిడవాలి. బండి మూరెడు దూరంలో ఆగితే పాసైనట్టు. తొమ్మిదేళ్లు అలా రెప్ప వెయ్యకుండా నిలబడితే అందరూ స్తంభమక్క అని పిలవడం మొదలుపెట్టారు. “మా ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన అరుపులకే కదల్లేదు, కరెంటు బండికి కదుల్తానా?” అనేది.

ఆర్నెల్ల కిందట ఓ బండికి ముందువైపు ఇంకాస్త పొడవాటి ఇనుప కమ్ములు బిగించారు. ఆ సంగతి బండికి చెప్పడం మరిచారు. తన లెక్క ప్రకారం అది సరిగ్గానే ఆగింది. కమ్ములు మాత్రం ఆమె మోకాలి కిందకి వచ్చి తగిలాయి.

ఎముక అతుక్కుంది గానీ, కాలికి ఆమె మాట వినే అలవాటు పోయింది. ఇంట్లో అత్తగారు నడక స్టాండు తోసుకుంటూ వంటింట్లోకి వస్తే చాలు, ఈమె గోడకి కరుచుకుపోతుంది. “ఏమిటే, నేనేమైనా లారీనా?” అంటుంది ముసలావిడ. ఆ ఇంట్లో సంపాదించే చెయ్యి ఒక్కటే. అందుకని ఆ మాటకి ఇద్దరికీ నవ్వు రాదు.

ఇవాళ పొద్దున్న ఆఖరిగా మూడుసార్లు చూస్తామన్నారు. మొదటిసారి పక్కకి జరిగింది. రెండోసారీ జరిగింది.

“మీరు తప్పుకుంటే దారి ఖాళీ అనుకుంటుందక్కా. ఇంక ఆగడం ఎప్పుడు నేర్చుకుంటుంది?” అంది ఇంజినీరు పిల్ల, జాలిగానే.

మూడోసారి కళ్లు గట్టిగా మూసుకుని నిలబడింది. చక్రాల రొద దగ్గరికొచ్చింది. కళ్లు తెరిచేసరికి పసుపు గీతకి అవతల ఉంది. బండి దాని దారిన అది పోయింది. ఇంజినీరు పిల్ల కంప్యూటరు మూసేసింది. రేపటినుంచి అక్కడ చక్రాల మీద ఓ బొమ్మని నిలబెడతారట.

“బొమ్మకి భయముండదు. వాళ్లనీ తప్పుపట్టలేం.”

కుర్రాడు ఏదో అనబోయాడు.

“ఓదార్చకు, ఏడుపొస్తుంది. లే, నీ షిఫ్టుకి టైమైంది. మీ చీటీల దగ్గర కూర్చుని చేసే పనేమైనా ఉందేమో మీ మేస్త్రీని అడుగు. లేదంటాడు. అయినా అడుగు. నేను అడగమన్నానని మాత్రం అనకు.”