గిటారు మెడను చూపుతో కొలిచే కూర్మమ్మ

మా కూర్మమ్మ పిన్నికి కుక్కర్ విజిల్ వినిపించదు. వీధి చివర మసీదులో అజాన్ వినిపిస్తుంది గానీ పక్కింటి చిలకల అరుపు వినిపించదు. సన్నటి శబ్దాలన్నీ ఆమె చెవిలోంచి ఎప్పుడో వెళ్ళిపోయాయి. అలాంటి మనిషిని వెతుక్కుంటూ గిటారు వాయించేవాళ్ళు ఈపో నుంచి, జార్జ్ టౌన్ నుంచి, ఒక్కోసారి సింగపూర్ నుంచి కూడా మలాయ్ దేశంలోని మా క్లాంగ్‌కి వస్తున్నారు. నేను పోర్ట్ క్లాంగ్‌లో కంటైనర్ యార్డులో గుమాస్తాని. ఆదివారాలు పిన్నిని ఆమె పని చేసే షాపులో దింపి, తిరిగి ఇంటికి తీసుకెళ్ళేది నేనే. అందుకని ఈ సంగతి మొత్తం నా కళ్ళతో చూశాను.

పిన్ని పుట్టింది బగాన్ దాతుక్ దగ్గర ఒక కొబ్బరి తోటలో. తోట బడిలో తెలుగు మూడో తరగతి దాకా చదివింది. పెళ్ళయ్యాక క్లాంగ్ వచ్చి, కుర్చీలు, బల్లలు చేసే ఒక ఫ్యాక్టరీలో చేరింది. పాలు ఆగిపోయిన రబ్బరు చెట్లని కోసి, పలకలు చేసి, ఆవిరి గదుల్లో ఎండబెట్టేవారు. ఎండిన పలకల్లో ఏది పనికొస్తుందో, ఏది రాదో ఏరడం పిన్ని పని. ఒక్కో పలకనీ ఎత్తి ఒక కొస కంటి దగ్గర పెట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు రెండో కొస దాకా చూడాలి. నిలువునా వంగిందా, అడ్డంగా దోనెలా అయిందా, మెలి తిరిగిందా? వంకర పలక అయితే ఎర్ర సుద్దతో గీత. రోజుకి ఆరేడు వందల పలకలు, ఇరవై ఏడేళ్ళు. పక్కనే చిత్రిక పట్టే యంత్రాలు పొద్దస్తమానం మోగేవి. చెవులు పోయింది అక్కడే.

ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక పిన్ని వసంతన్ గారి షాపులో ఊడ్చే పనికి చేరింది. వసంతన్ తమిళాయన, యాభై ఏళ్ళవాడు. కొమ్యూటర్ రైలు స్టేషన్ దగ్గర మేడ మీద ఒక గదిలో గిటార్లు బాగుచేస్తాడు. ముఖ్యంగా పాతవి, మా నాన్నల కాలంలో పెళ్ళిళ్ళలో, క్లబ్బుల్లో మోగిన ఎలక్ట్రిక్ గిటార్లు.

గిటారు మెడ గురించి ఒక్క మాట చెప్పాలి. ఆరు తీగల్ని శ్రుతి చేశాక అవి మెడని దాదాపు నలభై అయిదు కిలోల బలంతో ముందుకి లాగుతూ ఉంటాయి. ఒక బియ్యం బస్తా అంత బరువు, మన మణికట్టు కంటే సన్నటి కర్ర మీద. కర్ర ముందుకి వంగిపోకుండా లోపల పొడుగునా ఒక ఇనుప చువ్వ పెడతారు. దాని కొసనున్న నట్టు బిగిస్తే చువ్వ కర్రని వెనక్కి లాగుతుంది. తీగలు ముందుకి, చువ్వ వెనక్కి. అరవై ఏళ్ళ కింద చేసిన గిటారులో అరవై ఏళ్ళుగా ఈ లాగులాట సాగుతూనే ఉంది, మనం నిద్రపోతున్నా సరే. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు గోడకి వేలాడుతున్న ఆ గిటార్లని చూడ్డానికే నాకు భయమేసింది.

పిన్ని చేరిన రెండో నెలలో ఒక మలాయ్ కుర్రాడి గిటారు బల్ల మీద ఉంది. వసంతన్ మూడు రోజులుగా రోజుకి పావు చుట్టు చొప్పున నట్టు బిగిస్తున్నాడు. అయినా ఒక తీగ గరగరమంటూనే ఉంది. పిన్ని చీపురు పట్టుకుని అటుగా వెళుతూ ఆగింది. వంగి, మెడ కొస నుంచి ఒక్క చూపు చూసింది.

"తంబీ, అది వంగలేదు. మెలి తిరిగింది" అంది తమిళంలో.

వసంతన్ నవ్వాడు. "అక్కా, స్కేలు పెట్టి చూశాను. నిటారుగానే ఉంది."

"నడిమిన స్కేలు పెడితే నిటారుగానే ఉంటాది. రెండు కొసలూ ఒకేపాలి సూడు."

ఆయన రెండు సన్నటి ఇనుప కడ్డీలు తెచ్చి మెడకి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి అడ్డంగా పెట్టాడు. వంగి ఒకదాని మీదుగా రెండోదాన్ని చూశాడు. ఒక పక్క కాగితం మందమంత కిందికి ఉంది. చాలాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. లేచి పిన్ని దగ్గరికి వచ్చాడు. ఆమె చేతిలో చీపురు తీసుకుని తలుపు పక్కన పెట్టి, కుర్చీ చూపించాడు.

ఆ రోజు నుంచి షాపుకి ఏ గిటారు వచ్చినా ముందు పిన్ని చూడాల్సిందే. నట్టు ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో, ఎన్నాళ్ళు ఆగాలో రెండేళ్ళలో నేర్చేసుకుంది. కర్రని తొందరపెట్టకూడదన్న సంగతి ఆమెకి వసంతన్ కంటే ముందే తెలుసు. సరిగ్గా అయిందా లేదా అని వినలేదు కాబట్టి, తీగ మీటి మెడ కొసని గడ్డానికి ఆనించుకునేది. ఎముకలోంచి తెలుస్తుందట.

సుగుమారన్ గారు వచ్చింది ఆ తర్వాత.

ఆయనకి డెబ్భై ఆరేళ్ళు. తండ్రి తమిళం, తల్లి మన తెలుగు. చిన్నప్పుడు బ్రిక్‌ఫీల్డ్స్‌ పేటలో ఒక బ్యాండులో వాయించేవాడు. వెంట తెచ్చింది అరవై ఆరులో కొన్న గిటారు. పెట్టె తెరవగానే పాత కర్పూరం వాసన వచ్చింది. మెడ వెనక వార్నిష్ బొటనవేలు ఆనే చోట పూర్తిగా అరిగిపోయి, కర్ర నల్లగా, నున్నగా, గవ్వలా మెరుస్తోంది. ముందువైపు మాత్రం తీగలు మెడకి చాలా ఎత్తులో ఉన్నాయి. మధ్యలో నా చిటికెన వేలు దూరేలా ఉంది.

"కీళ్ళనొప్పులు. ఇంత ఎత్తున తీగని నొక్కలేను. రెండు షాపుల్లో మెడ మార్చెయ్యమన్నారు" అన్నాడాయన.

"మార్చరాదేటి?" అని పిన్ని అడిగింది.

ఆయన ఎడమ చెయ్యి చూపించాడు. బొటనవేలు పక్కకి తిరిగి ఉంది. "ఈ చెయ్యి ఆ మెడని అరగదీసింది. ఆ మెడ ఈ చెయ్యిని ఇలా వంచింది. ఇప్పుడు కొత్తదాంతో ఏం చెయ్యను తల్లీ?"

వసంతన్ నాలుగు మరలూ విప్పి మెడని ఊడదీశాడు. అది కూర్చునే గాడిలో చిన్న అట్టముక్క ఉంది, దాని మీద పెన్సిల్‌తో ఒక అడ్డగీత. మెడ కోణం సరిపోక, చేసినరోజు ఎవరో కార్మికుడు పెట్టి ఉంటాడు. పిన్ని దాన్ని వేలికొసతో తీసి, వెలుతురులో పెట్టి చూసి, ఒక చిన్న డబ్బాలో దాచింది. "మళ్ళీ అక్కడే పెట్టాల. తెలిసినోడు పెట్టినాడు" అంది.

అసలు కష్టం ఏమిటంటే, ఆ మెడకి నట్టు లేదు. లోపల ఇనుప కడ్డీ ఉంది గానీ, బిగించడానికీ వదలడానికీ వీల్లేనిది. కొన్ని చవక రకాలు ఆ రోజుల్లో అలాగే చేసేవారు. వసంతన్ చేతులెత్తేశాడు.

పిన్ని మాత్రం వారం రోజులు ఆ మెడని చూస్తూ గడిపింది. ఒక ఆదివారం నాతో కారులో అంది, "బాబూ, ఫ్యాక్టరీలో పలక మీద రంపం గాటు పెట్టి, ఆ గాటులో సన్నటి సెక్క ఇరికిస్తే పలక వెనక్కి వంగేది. ఈ మెడ మీద గాట్లు ఉండనే ఉన్నాయి గదా?"

వీణకి మెట్లున్నట్టే గిటారు మెడ మీద అడ్డంగా లోహపు ఫ్రెట్లు ఉంటాయి. ఒక్కొక్కటీ కర్రలో కోసిన సన్నటి గాటులో కూర్చుంటుంది. ఆ మెడకి అలాంటివి ఇరవై ఒకటి. గాటు కంటే ఫ్రెట్ పాదం వెంట్రుకంత మందంగా ఉంటే, అది కర్రని రెండు వైపులకీ తోస్తుంది. ఇరవై ఒక్క తోపులు కలిస్తే మెడ వెనక్కి వస్తుంది. వసంతన్‌కి చెబితే, పాతకాలం మేస్త్రీలు అలా చేసేవారని విన్నాననీ, తాను ఎప్పుడూ సాహసించలేదనీ అన్నాడు.

"ఎక్కువ తోస్తే విరుగుతుంది అక్కా."

"తక్కువ తోస్తే వంకర పోదు" అంది పిన్ని.

ఇంకో చిక్కు ఉంది. తీగలు లేనప్పుడు మెడ నిటారుగా ఉంటే పనికిరాదు. అప్పుడది వెనక్కి వంగి ఉండాలి. ఎంత వంగి ఉండాలంటే, తర్వాత నలభై అయిదు కిలోల తీగలు లాగినప్పుడు సరిగ్గా నిటారు దగ్గరికి వచ్చి ఆగాలి. అంటే కావాలని తప్పుగా చెయ్యాలి, ఆ తప్పు ఎంతో ముందే తెలియాలి. దానికి కొలబద్ద ఎక్కడా లేదు, పిన్ని కళ్ళలో తప్ప.

పాత ఫ్రెట్లని టంకం వేసే ఇనుముతో వేడి చేసి, ఒక్కొక్కటే కర్ర రేగకుండా పీకారు. కొత్త ఫ్రెట్లకి లోహపు తీగ మూడు మందాల్లో తెప్పించి ముక్కలు కోశారు. పిన్ని ముక్కల్ని రెండు వేళ్ళ మధ్య నలిపి ఏరింది. మధ్యలోకి మందమైనవి, కొసలకి సన్ననివి. వసంతన్ కొలిచే పనిముట్టుతో చూస్తే ఒక్కటి కూడా తప్పలేదు.

మధ్య నుంచి మొదలుపెట్టింది. ఇత్తడి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. ఒక ఫ్రెట్ కూర్చోగానే మెడని కంటికి ఎత్తి చూడడం. మళ్ళీ ఇంకొకటి. ఏడోది అయ్యేసరికి వంకర కరుగుతున్నట్టు నాక్కూడా తెలిసింది. గుడిలో ఉన్నట్టు నిలబడిపోయాను.

తొమ్మిదో దానికి సుత్తి ఎత్తింది. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

నాకూ వసంతన్‌కీ సన్నగా టిక్ మన్న చప్పుడు వినిపించింది. పిన్నికి వినపడే అవకాశమే లేదు. కానీ ఆమె ఎడమ అరచెయ్యి మెడ కింద ఉంది.

"ఇడిసింది" అంది.

ఫ్రెట్లు కూర్చునే పై పలక, కింది మెడ కర్ర కలిసే చోట పాత జిగురు నాలుగు వేళ్ళ పొడుగున విడిపోయింది. పిన్ని సుత్తి పక్కన పెట్టి మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. నేను పక్కన కూర్చుంటే, "ఆయనకి సెప్పాల. పద" అంది.

సుగుమారన్ గారు క్లాంగ్ పక్కనే కపార్‌లో కూతురి ఫ్లాట్‌లో ఉంటారు. పిన్ని తలుపు దగ్గరే నిలబడి చెప్పేసింది. "అన్నా, నీ మెడ జిగురు ఇడిసింది. నాను సేసిన పనికే ఇడిసింది. అతికి మళ్ళీ సెయ్యగలను. మళ్ళీ ఇడిస్తే అది ఇరిగిపోవచ్చు. వద్దంటే ఉన్నది ఉన్నట్టు తెచ్చి ఇచ్చేస్తాను."

ఆయన తల్లి నేర్పిన తెలుగు ఎక్కడో లోపలి నుంచి వెతికి తీసినట్టు మాట్లాడాడు. "పదకొండు ఏళ్ళు గోడకే ఉంది అమ్మా. గోడకి ఉంటే అది గిటారు కాదు. నువ్వు సెయ్యి."

విడిచిన చోట జిగురు ఎక్కించి బిగింపు కట్లు వేశారు. నాలుగు రోజులు పిన్ని దాన్ని ముట్టలేదు. అయిదో రోజు ముందుగా కర్రని అరచేత్తో నిమిరి, గోరుతో తట్టి, తొమ్మిదో గాటుకి ఇంకాస్త సన్నటి ముక్క ఎంచుకుంది. తగ్గిన తోపుని అటూ ఇటూ ఉన్న వాటికి పంచింది. ఆ లెక్క ఎలా వేశావని వసంతన్ అడిగితే, "లెక్క ఏటి, కర్ర ఎంతవరకు ఒప్పుకుంటాదో అంతే" అంది.

ఇరవై ఒకటీ అయ్యాక మెడ వెనక్కి వంగి వింటిబద్దలా కనిపించింది. చూస్తే చెడిపోయిందనే అనిపించింది నాకు. అట్టముక్కని గాడిలో దాని చోట పెట్టి, నాలుగు మరలూ బిగించి, తీగలు ఎక్కించారు. వసంతన్ ఒక్కో తీగనీ శ్రుతికి తెస్తుంటే పిన్ని కొస నుంచి చూస్తూ కూర్చుంది. కర్ర కదులుతోందని ఆమె ముఖంలో చదువుకున్నాను. ఆరో తీగ శ్రుతికి వచ్చింది. వసంతన్ ఉక్కు స్కేలు తెచ్చి మెడ మీద నిలబెట్టి, మధ్యలో ఒక కాగితం దూర్చాడు. ఒక్క కాగితమే పట్టింది. సరిగ్గా అంతే ఖాళీ ఉండాలి.

వసంతన్ పిన్ని కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. ఆమె కసిరింది.

అయినా వెంటనే ఇవ్వనివ్వలేదు. రెండు వారాలు షాపులోనే ఉంచింది. వానలు పడ్డాయి, ఎండలు కాశాయి. కర్ర కదల్లేదు.

సుగుమారన్ గారు వచ్చి గిటారు ఒళ్ళో పెట్టుకున్నారు. ఎడమ చెయ్యి తనంతట తానే పాత చోటికి వెళ్ళింది. మొదట ఒక్క స్వరం నొక్కాడు. ఉలిక్కిపడి చేతివైపు చూసుకున్నాడు. "నొక్కక్కర్లేదే, ముట్టుకుంటే చాలు" అన్నాడు తమిళంలో, తనకి తానే. తర్వాత వాయించడం మొదలుపెట్టాడు. పెళ్ళిళ్ళలో వాయించే నెమ్మది పాటేదో. కింద వీధిలో లారీలు పోతున్నాయి. పిన్ని వెళ్ళి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గిటారు తల మీద రెండు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంది. ఆమెకి ఏం వినిపించిందో నాకు తెలియదు. పాట అయ్యేదాకా వేళ్ళు తియ్యలేదు. ఆయన ఏడుస్తూనే తప్పు లేకుండా వాయించాడు.

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. ఆ మెడ ఇప్పటికీ అలాగే ఉంది, ఆయన వారానికోసారి గుడి హాలులో వాయిస్తున్నారు. మాట పాకి, పాత గిటార్లు ఒక్కొక్కటే మేడ ఎక్కుతున్నాయి. మలాయ్ వాళ్ళు పిన్నీ అన్నట్టు "మక్చిక్" అంటారు, చైనా వాళ్ళు "ఆంటీ" అంటారు. అన్నీ బాగవ్వవు. మెలి తిరిగినవాటిని పిన్ని చాలావరకు వెనక్కి పంపేస్తుంది. ఆశ పెట్టి ఆపడం ఆమెకి చేతకాదు.

పోయిన ఏడాది వసంతన్ షాపు బోర్డు కొత్తగా రాయిస్తూ తన పేరు పక్కన పిన్ని పేరు కూడా వెయ్యమన్నాడు. ఏ భాషలో రాయాలని పెయింటర్ అడిగితే పిన్ని తెలుగులో అంది. క్లాంగ్ మొత్తం మీద తెలుగు అక్షరాలు రాసే పెయింటర్ ఎక్కడ దొరుకుతాడు? నేను కాగితం మీద పెద్దగా రాసిస్తే, ఆ చైనా పెద్దాయన బొమ్మ గీసినట్టు ఒక్కో వంపూ చూసి గీశాడు. "ర్మ" కింద వంపు కాస్త తేడా వచ్చింది. చెరిపి మళ్ళీ గీస్తానన్నాడు. పిన్ని వద్దంది. వీధిలో నిలబడి, తోట బడిలో చదివినట్టు, కూడబలుక్కుంటూ తన పేరు పైకి చదువుకుంది.