జీవమణి కుదుపు

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఓ లేడీస్ హాస్టల్ ఉంది. అక్కడ జీవమణి వంట మనిషి. కంప్యూటర్ కోర్సులకని కొత్తగా వచ్చిన ఆడపిల్లలు మొదటి వారం ఆమె సాంబారును తిట్టుకుంటారు, ఆ తర్వాత అదే సాంబారు మళ్లీ మళ్లీ పోయించుకుంటారు. నోరు మంచిది, చెయ్యి ఇంకా మంచిది. లోపమల్లా ఒక్కటే, ఎవరి మాటనూ కాదనలేదు. ఆ మెత్తదనం ఆమెను ఎన్ని తిప్పలు పెట్టిందో చెబితే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది.

ఓ పొద్దున ఉప్మా కలుపుతూ కలుపుతూ కళ్లు తిరిగి పడిపోయింది. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని, పేస్‌మేకర్ పెట్టకపోతే ప్రమాదమని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చెప్పారు. పంజాగుట్టలో చీరల షోరూములో పనిచేసే కూతురు సెరీనా సంతకాలు పెట్టింది. ఎడమ భుజం కింద చిన్న డబ్బీ, అందులోంచి గుండెలోకి ఓ వైరు. కళ్లు తిరగడం తగ్గింది గానీ కొత్త బాధ పట్టుకుంది. ఎక్కిళ్లు వచ్చినట్టు పొట్ట పైభాగం టక్కుటక్కున ఎగిరేది. ఎడమవైపు పడుకుంటే ఒళ్లంతా కుదిపేసేది. ఆసుపత్రికి పోయి చెబితే, "అలవాటైపోతది తీయమ్మా" అని పంపించేశారు. మళ్లీ పోతే అక్కడి డాక్టరు తలెత్తి కూడా చూడలేదు.

ఇంతలో శుక్రవారం ఉపవాస ప్రార్థన వచ్చింది. జీవమణి పోయే క్రైస్తవ సంఘం ఓ మందుల దుకాణం మీది అంతస్తులో ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేస్తున్న ఆమె ఒళ్లు ఒక్కసారిగా ఎగిరింది. మళ్లీ ఎగిరింది. పక్కనున్న స్వరాజ్యం కళ్లు తెరిచి చూసి, "స్తోత్రం! జీవమణక్క మీదికి పరిశుద్ధాత్మ దిగింది!" అని కేకేసింది. హాలంతా ఆమె చుట్టూ చేరింది. పాస్టరు ఏసుబాబు మైకు అందుకుని, చావు నోట్లోంచి లేచిన బిడ్డను దేవుడు అభిషేకించాడని, ఈ కదలిక ఆయనదేనని కన్నీళ్లతో సాక్ష్యం చెప్పాడు. "అవునా తల్లీ?" అని మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు. అంతమంది సంతోషం మీద నీళ్లు చల్లడం ఆమె వల్ల అయ్యే పనేనా? "ఆమెన్" అంది. ఆ ఆమెన్ కాస్తా సంఘం యూట్యూబులోకెక్కింది.

ఇక చూడాలి ఆమె అవస్థ! పసిపిల్లలను తెచ్చి తల మీద చెయ్యి పెట్టించుకునేవాళ్లు, ఉద్యోగాల కోసం ప్రార్థన చేయమనేవాళ్లు. పొట్ట ఎగిరినప్పుడల్లా చుట్టూ "స్తోత్రం" అనేవాళ్లు. ఆమెకేమో అన్నం సహించదు, కునుకు పట్టదు, మనిషి సగమైపోయింది. 'ప్రభువా, ఇది నువ్వే అయితే జర మెల్లగ కదిలించు' అని లోలోపల బతిమాలుకునేది.

చివరకు సెరీనా ఊరుకోలేదు. "దేవుడైతే నిన్ను తిననిస్తడు మమ్మీ, పండనిస్తడు. ఇది మిషన్ పనే" అని పంజాగుట్టలోని పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. అక్కడి డాక్టరమ్మ తెర మీద చూపించింది. వైరు మొన ఉండాల్సిన చోట లేదు. గుండెతోపాటు దాని కింది కండరాన్ని కూడా కొడుతోంది. మొదట పెట్టిన రోజు తీసిన ఎక్స్‌రేలోనూ అలాగే ఉంది. "నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా. పెట్టినోళ్లే సరిగ పెట్టలే" అంది. వైరు సరిచేశారు. మర్నాడు జీవమణి భయం భయంగా పొట్ట మీద చెయ్యి వేసి చూసుకుంది. కదల్లేదు. ఇంకాసేపు చూసింది. కదల్లేదు. ఆ హాయికి ఏడుపొచ్చేసింది. ఆసుపత్రివాళ్లిచ్చిన చప్పిడి ఇడ్లీలు లొట్టలేసుకుంటూ తింది.

సంఘంలో మాత్రం ఆ హాయి ఎవరికీ నచ్చలేదు. "ఆత్మ ఎందుకు పోయిందక్కా? ఏం పాపం చేసినవ్?" అని స్వరాజ్యం అందరి ముందే నిలదీసింది. జీవమణి బైబిలు సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. నిజం చెబితే పాస్టరు అయ్యగారు అబద్ధమాడినట్టవుతుంది. భర్త చనిపోయిన రోజు శవపెట్టె మోసింది ఆ సంఘంవాళ్లే. వాళ్లు దూరమైతే తల్లీకూతుళ్లకు నా అనేవాళ్లు మిగలరు.

సెరీనా ఆసుపత్రి మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తానంది. తల్లి వద్దు వద్దంటూనే సంతకం పెట్టింది. ఆమె సంగతి తెలిసిందే కదా.

విచారణ రోజున ఆసుపత్రి వకీలు ఆ వీడియో బయటికి తీశాడు. ఈ కుదుపు దేవుడి వల్ల వచ్చిందని ఈమే ఒప్పుకుంది, మా వైరుకు ఏ సంబంధమూ లేదు అన్నాడు. "ఆమెన్ అన్నది మీరేనా?" అని అడిగాడు. అవునని ఊరుకుంటే ఆసుపత్రి చేసిన తప్పు గాల్లో కలిసిపోతుంది. నిజం చెబితే సంఘం దూరమవుతుంది. దిక్కు తోచక వెనక్కి తిరిగితే చివరి బెంచీలో ఏసుబాబు కనిపించాడు. ఎప్పుడొచ్చాడో ఏమో! ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

"చెప్పమ్మా" అంది కమిషన్ అధ్యక్షురాలు.

"అన్నది నేనే మేడం. అందరు మస్తు సంబురపడ్తుండ్రు, కాదనబుద్ధి కాలే. కాని అది దేవుడు కాదు. దేవుడు నన్ను తిననియ్యకుండ, పండనియ్యకుండ ఎందుకు సతాయిస్తడు? ఆసుపత్రోళ్లకు చెప్పిన, ఇనలే. మా సంఘపోళ్లకు అసలు చెప్పనే లే. గంతే."

వెనక బెంచీ చప్పుడైంది. ఏసుబాబు లేచి నిలబడ్డాడు.

"మేడం, ఆ వీడియోల మాట్లాడింది నేను. నేను డాక్టర్ని కాదు. నొప్పి ఉందా అని సుత ఆమెను అడగలే. నా మాట ఆమె నోట్ల పెట్టిన. తప్పు నాది. దాన్ని అడ్డం పెట్టుకొని ఆసుపత్రోళ్లు తప్పించుకోవద్దు."

ఆ మాటే రాసివ్వమంది అధ్యక్షురాలు. అక్కడే కూర్చుని రాసిచ్చాడు. వైరు తప్పుగా పెట్టారని, చెప్పినా పట్టించుకోలేదని, ఆసుపత్రి పరిహారం కట్టాలని తీర్పు రావడానికి మరికొన్ని నెలలు పట్టింది. సంఘం దూరమవుతుందన్న జీవమణి బెంగ తీరింది మాత్రం అంతకన్నా చాలా ముందే.

విచారణ తర్వాత వచ్చిన ఆదివారం ఏసుబాబు జరిగిందంతా సంఘానికి చెప్పి, వీడియో తీసేశానన్నాడు. జీవమణి తలొంచుకుని కూర్చుంది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. అయిపోయింది, ఇక వెలేసినట్టే అనుకుంటూ ఇంటికొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం హాస్టల్ వంటింటి గుమ్మంలో స్వరాజ్యం నిలబడి ఉంది. ఎందుకొచ్చిందోనని జీవమణికి గుబులు పుట్టింది. స్వరాజ్యం అటూ ఇటూ చూసి, లోపలికొచ్చి, గొంతు తగ్గించింది.

"అక్కా, నాకు సుత ప్రార్థనల గుండె దడదడ కొట్టుకుంటది, కండ్లు చీకట్లయితయి. మంచిదే అనుకున్న. మా ఇంట్ల సుత చెప్పలే. నిన్న అయ్యగారు చెప్పంగ ఇన్నంక పానమంతా బుగులు బుగులయితుంది. నీకు చూసిన డాక్టరమ్మ ఇయ్యాల ఉంటదా?"

జీవమణి స్టవ్ కట్టేసింది. చేతులు కడుక్కుని చెప్పులేసుకుంది.

"నడువు, నేను సుత వస్త" అంది.