పడవలో నా వంతు

మొన్న ఆదివారం సైబర్‌జయ నుంచి నా మనవడు క్లాంగ్‌లోని మా ఇంటికి వచ్చి, హాలు మధ్యలో ఒక అట్టపెట్టె దించాడు. వాడిది కంప్యూటర్ ఉద్యోగం. వారమంతా తెర ముందు కూర్చుంటాడు, సెలవురోజున బాస్ అనే చేపలు పట్టడానికి నీళ్ళ మీద కూర్చుంటాడు. మొత్తానికి కూర్చోవడమే వాడి పని. ఈమధ్య ఒక పడవ కొన్నాడు, దాని వెనక తగిలించే ఇంజను కొన్నాడు, ఇప్పుడు ఆ ఇంజనుకు కొత్త ప్రొపెల్లర్ వెయ్యాలట. పెట్టెలోంచి తళతళలాడే ఉక్కు రెక్కలదాన్ని తీసి, వాళ్ళమ్మకు, అంటే మా అమ్మాయికి, దాని వేగం గురించి చెబుతున్నాడు. నేను దాన్ని ఒళ్ళోకి తీసుకుని రెక్క వంపు మీద బొటనవేలు నడిపించి చూసి, "ఇది నీళ్ళను పెద్ద కాటు కొరుకుద్ది. మనుసులెక్కితే నీ ఇంజను మూలుగుద్ది" అన్నాను. వాడు చేతిలో ఫోను పక్కన పెట్టేసి, ఈ మలేషియా అలవాటుగా మాట చివర 'లా' తగిలించి, "నీకెలాగ తెలుసు లా, అమ్మమ్మా?" అన్నాడు. తొంభై దగ్గరపడ్డ ముసలిదానికి రసం పెట్టడం తెలిస్తే వింత కాదు గానీ ఇది వింతే మరి. నేను పడవ నడిపిన మనిషిని కాను. ఆ రోజుల్లో పడవ ఎక్కిన మనిషిని కూడా కాను. విన్న మనిషిని.

బటాంగ్ బెర్జుంటై పక్క ఏటి ఒడ్డున ఒక రబ్బరు తోటకు నేను కోడలిగా వెళ్ళేనాటికి మలయాలో ఎమర్జెన్సీ నడుస్తోంది. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకూ సర్కారుకూ పోరు. అడవివాళ్ళకు తిండి అందకూడదని కూలీల ఇళ్ళన్నీ ఒకచోటికి చేర్చి, చుట్టూ రెండు వరసల ముళ్ళకంచె వేశారు. తెల్లారాక గేటు తీస్తే రబ్బరు చెట్ల దాకా వెళ్ళడం, పాలు గీయడం, తిరిగి రావడం, అంతే. బయటికి వెళ్ళే ప్రతి మనిషినీ తడిమి చూసేవాళ్ళు, గుప్పెడు బియ్యం దొరికినా జైలే. సాయంత్రం ఆరు తర్వాత గేటు దాటితే తుపాకీ అడుగుతుంది, మనిషి అడగడు. పైగా నేను ఎనిమిదో నెల గర్భిణిని, చెట్ల దాకా వెళ్ళే పని కూడా లేదు. పగలంతా ఆ పది అడుగుల గదిలోంచి కంచె దాకా, కంచె దగ్గర్నుంచి గదిలోకి. కంచె అవతల ఏరు కనిపిస్తూనే ఉండేది. కనిపించకపోయినా బాగుండేదని ఏడ్చిన రోజులున్నాయి.

మా మావగారు ఆ తోటలో ఇంజన్లు చూసే ఫిట్టరు. చదువు లేదు గానీ చెవి ఉంది. రబ్బరు షీట్లను ఆరబెట్టే పొగగూడు దగ్గర నిలబడి, నాలుగు వందల గజాల అవతల తిరిగే ఇంజనులో ఏ బోల్టు వదులైందో చెప్పేవారు. ఆయన ఒక మర ముట్టుకుంటే మళ్ళీ ముట్టుకోనవసరం లేదని పేరు. ఆయనకున్న ఆస్తి ఆ పేరొక్కటే. దాన్ని నూనెగుడ్డతో తుడిచినట్టు రోజూ తుడుచుకునేవారు, మాకది కాస్త విసుగ్గా కూడా ఉండేది.

ఆ రోజుల్లోనే తోటను నడిపే తెల్లదొర ఏటి పడవకు కొత్త ఇంజను తెప్పించాడు. రోడ్డు మీద లారీలను కాలుస్తున్నారు కాబట్టి ఎనిమిది మంది మనుషులనూ, రబ్బరు షీట్లనూ ఏటికి ఎదురుగా అవతలి తోటకు చేర్చాలి. ఇంజనుతో రెండు ప్రొపెల్లర్లు వచ్చాయి. మావగారు వాటిని మలాయ్ మాటలో కిపాస్ అనేవారు, విసనకర్ర అని. మూడోది, తగరపు గనిలో పాడైన పడవ నుంచి ఆయనే అడిగి తెచ్చిన పాత ఇత్తడిది. రాత్రి అన్నాల దగ్గర ఆయన చెప్పింది నాకిప్పటికీ కంఠతా వచ్చు. మర మేకు ఒక చుట్టుకు చెక్కలోకి ఎంత దిగుతుందో, కిపాస్ ఒక చుట్టుకు నీళ్ళలో అంత ముందుకు పాకుతుంది. వంపు ఎక్కువైతే ఖాళీ పడవను పరిగెత్తిస్తుంది గానీ బరువెక్కితే ఇంజను మూలుగుతుంది. వంపు తక్కువైతే ఇంజను కీచుమని అరుస్తుంది, పడవ మాత్రం కదలదు. ఇంజను మరీ పైకి తగిలిస్తే కిపాస్ గాలి మింగుతుంది, కిందికి దించితే నీళ్ళు వెనక్కి లాగుతాయి. మూలగకూడదు, అరవకూడదు. అది తేల్చాలంటే నిజంగా మొయ్యబోయే బరువు వేసే చూడాలి.

ఆ బరువు దగ్గరే వచ్చింది చిక్కు. బియ్యం బస్తాలు కంచె దాటవు. ఆదివారం షీట్ల గిడ్డంగికి తాళం. మగవాళ్ళంతా ఆదివారం కాపలా డ్యూటీలో ఉంటారు. ఇక మిగిలింది ఆడవాళ్ళు. మావగారు వెళ్ళి దొరతో మాట్లాడి పదిమంది ఆడవాళ్ళకు ఏటి గేటు దాటే చీటీ తెచ్చారు. ఏటి మీద ఒక గంట, అటూ ఇటూ, కంచె బయట.

ఆ వార్తకు లైన్లన్నీ, అంటే మా కూలీల ఇళ్ళ వరసలన్నీ, పెళ్ళివారి ఇల్లైపోయాయి. పెట్టెల అడుగున మడతపెట్టిన చీరలు బయటికొచ్చాయి. షీట్లు తూచే కాటా మీద ఆడవాళ్ళను నిలబెట్టి తూచారు, బరువున్నవాళ్ళకే చోటు. జన్మలో మొదటిసారి లావుగా ఉన్నవాళ్ళు తలెత్తుకు తిరిగారు. బక్కగా ఉండే మా పక్కింటావిడ రుబ్బురోలు పొత్రాన్ని చీరలో దోపుకుని కాటా ఎక్కి నెగ్గింది గానీ, గేటు దగ్గర బియ్యం కోసం తడిమిన పోలీసామె చేతికి ఆ పొత్రం తగిలి దొరికిపోయింది. ఆవిణ్ణి చూసి పోలీసామె నవ్వు ఆపుకోలేక పొత్రం తీసుకుని మనిషిని పడవకు వదిలేసింది.

నేను కాటా దాకా కూడా వెళ్ళలేదు. కడుపుతో ఉన్న మనిషి ఏరు దాటకూడదని అత్తగారు అడ్డు నిలిచింది. పురుడు వెళ్ళేదాకా, అంటే బిడ్డ పుట్టాక ఇరవై ఒక్క రోజులు, గడప కూడా దాటనివ్వదు. సర్కారు వేసిన కంచెకు గేటైనా ఉంది, మా అత్తగారి కంచెకు అదీ లేదు. దాటనని మాట ఇచ్చి ముళ్ళతీగ పట్టుకుని నిలబడ్డాను. మావగారు ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూశారు.

ఆ మొదటి ఆదివారం ఒక కిపాస్‌తో ఇంజను మూలిగింది. ఇంకొకదానితో అరిచింది. మూడోసారి ఇత్తడిది వేసి, ఇంజను ఎత్తు కోసం అడుగున పెట్టిన అంగుళం చెక్క తీయగానే, నిండు పడవ ఏటికి ఎదురుగా ఒకే గొంతుతో, అన్నం తిన్న మనిషి నడిచినట్టు వెళ్ళిపోయింది. కంచె దగ్గర నాకు ఒళ్ళు పులకరించింది. కుదిరిపోయిందనుకున్నాను. మావగారు ఒడ్డుకొచ్చి దొరతో, ఇంకా కుదరలేదయ్యా, వచ్చే ఆదివారం చూడాలి అని చెప్పారట.

రెండో ఆదివారం మళ్ళీ మూలుగు. ఈసారి పడవలో వేరే పదిమంది. మూడో ఆదివారం అరుపు, ఇంకో పదిమంది. నా చెవే తప్పేమో అనుకున్నాను. నాలుగో ఆదివారానికి లైన్లలో ఎవరెవరు ఇంకా ఏరు చూడలేదో వరసపెట్టి పిలుస్తున్నారని అర్థమైంది. పడవ దిగిన ఒక్కొక్కరూ రెండేళ్ళుగా లేని ముఖంతో వచ్చేవారు. దొర మాత్రం ఊరుకోలేదు. ముసలాడి చెయ్యి పడిపోయిందని అందరిముందూ అన్నాడు, గుమాస్తాలు నవ్వారు. ఒక్క బోల్టు వదులుందంటే అన్నం మానేసే మనిషి, తల వంచుకుని విన్నారు. నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది. మా అత్తగారితో చెప్పబోయి మింగేశాను.

ఆరో ఆదివారానికి ముందు నాకు ఆడపిల్ల పుట్టింది. మంచం మీద పడుకుని ఆ వారం మూలుగు విన్నాను, పై వారం అరుపు విన్నాను. ఎనిమిదో ఆదివారం దొర క్లాంగ్ నుంచి ఒక చీనా ఫిట్టరును పిలిపించాడు. అతను గంటలో ఇత్తడిది బిగించి, చెక్క తీసి, ఇదే సరైనదని చెప్పి టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే మావగారి దగ్గర ఇంజన్ల షెడ్డు తాళంచెవి తీసుకుని, ఆయన్ను పొగగూట్లో కట్టెలు వేసే పనికి పంపారు. ఏటి గేటు మళ్ళీ మూశారు.

ఆయన ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, గుమ్మం బయటే కూర్చున్నారు. నేను పిల్లను ఒళ్ళో పెట్టుకుని లోపలి నుంచే అడిగాను. "మొదటి రోజే కుదిరిపోనాది కదా మావయ్యా. మరెందుకు ఒప్పుకోలేదు?"

ఆయన పిల్ల వంక చూస్తూ, "ఇంకొక్క ఆదోరం ఆగితే నీ పురుడు ఎల్లిపోయేది. నీ వొంతు రాకుండానే అయిపోనాదమ్మా" అన్నారు.

మెర్డెకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చినప్పుడు తోట మైదానంలో కొత్త జెండా ఎగరేశారు, పిల్లలకు మిఠాయిలు పంచారు. మావగారు పొగ వాసన కొడుతూ వెనక వరసలో నిలబడ్డారు. కంచె ఆ రోజు పోలేదు. ఎమర్జెన్సీ ముగిశాక ఎప్పుడో తీగ చుట్టలు చుట్టి లారీలో వేసుకుపోయారు. అప్పటికి రోడ్లు బాగయ్యాయి, పడవ ఒడ్డున బోర్లా పడి ఉంది, మావగారు లేరు.

ఇదంతా మనవడికి చెబితే, వాడు ఇంకో చిన్న వంపు ప్రొపెల్లర్ కూడా తెచ్చాడు. నిన్న ఆ పాత తగరపు గనుల గుంటల్లో, ఇప్పుడవే చెరువులు, పడవ దించాడు. బరువుకు ఇసుక సంచులు సర్దుతుంటే తీసెయ్యమన్నాను. ఇద్దరు పట్టుకుని నన్ను ఎక్కించారు, పక్కన ఆనాడు ఒళ్ళో ఉన్న పిల్ల, ఇప్పుడు డెబ్బై ఏళ్ళ మా అమ్మాయి, కూర్చుంది. ఇంజను మూలగలేదు, అరవలేదు. మొదటి చుట్టులోనే కుదిరిపోయింది. ఓకే కదా, ఇంటికి పోదామా అన్నాడు వాడు. నేను కళ్ళు మూసుకుని ఆ గొంతు వింటూ, "ఇంకా కుదరలేదురా. ఇంకో సుట్టు తిప్పు" అన్నాను. కాలం ఎవరి వంతునూ ఎగ్గొట్టదేమో గానీ, మనల్ని పిలిచేనాటికి ఆ వంతు కోసం తల వంచినవాళ్ళను మాత్రం ఒడ్డున ఉంచదు.