చెవితో ఏరిన గుడ్లు

కృపాకర్‌కు కోడిగుడ్డు మీద ఉన్న నమ్మకం మనుషుల మీద లేదు. మనిషి లోపల బీటవారినా పైకి నవ్వుతూ తిరుగుతాడు, గుడ్డు అలా కాదు, ఇంకో గుడ్డుకు తాకిస్తే ఉన్న మాట చెప్పేస్తుంది అనేవాడు. నిజానికి ఆ విద్య ఆయన గుడ్ల దగ్గర నేర్చుకున్నది కాదు. పలాస నుంచి బెంగాల్ వచ్చిన రైల్వే కళాసీ కొడుకు. వ్యాగన్లు బాగుచేసే ఒక కంపెనీలో ముప్పైనాలుగేళ్లు చక్రాలను సుత్తితో కొట్టి చూసిన మనిషి. మంచి చక్రం గంటలా మోగుతుంది, బీటవారినది పగిలిన కుండలా మూలుగుతుంది. కొట్టడం, చెవి ఒగ్గడం, అదీ ఉద్యోగం. కృపాకర్ దాదా చూసిన బండి అంటే బెంగాలీ ఫోర్‌మన్లు మళ్లీ చూసేవారు కాదు.

రిటైరై ఏడేళ్లయింది. సంత్రాగాఛిలో అద్దె ఇంటి వెనక రేకుల షెడ్డులో కూతురు జూలియా గుడ్లు పొదిగే యంత్రం పెట్టుకుంది. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు గుడ్లు తెచ్చి ఇస్తారు, ఇరవై ఒక్క రోజులకు వచ్చి కోడిపిల్లల్ని పట్టుకుపోతారు. యంత్రంలోకి వెళ్లేదాకా గుడ్ల బాధ్యత పెద్దాయనది. ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ గుడ్ల గదికే. మనుషులు ఫ్యాను కింద ఉడికిపోతుంటే గుడ్లు దొరల్లా చల్లగా ఉండేవి. సన్నకొస కిందికి పెట్టి ట్రేలలో నిలబెట్టేవాడు. గాలిలో తేమ ఆరిపోకుండా మూలల్లో తడి గోనెలు వేలాడదీసేవాడు. పొద్దునా సాయంత్రం ట్రేలను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వాల్చేవాడు. వారం దాటిన గుడ్డును యంత్రం మొహం చూడనిచ్చేవాడు కాదు. మాసిన గుడ్డును ఎవరైనా కడగబోయారా, అయిపోయారే. కడిగితే పెంకు మీది పొర పోయి మురుగు లోపలికి దిగుతుందని అరగంట క్లాసు పీకేవాడు.

బీటగుడ్డు అంతకన్నా ప్రమాదం. వెంట్రుకంత సందు చాలు, యంత్రం వేడికి లోపల కుళ్లి, ఉబ్బి, పేలుతుంది. ఆ మురుగు పక్కనున్న మంచి గుడ్లను కూడా చంపుతుంది. అందుకే రెండేసి గుడ్లు తీసుకుని, ఒకదానికొకటి సుతారంగా తాకిస్తూ చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు.

"టార్చి పెట్టి చూద్దాం నాన్నా, బీట తెల్లగా కనపడిపోద్ది," అనేది జూలియా.

"టార్చేటి? నా సెవి ఉండగా దీపాలెందుకు?" అనేవాడు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

వైశాఖం ఎండలు ముదిరిన వారంలో నాలుగు వందల గుడ్లు వచ్చాయి. ఆటోల్లో, లోకల్ రైళ్లలో కుదుపుల మీద వచ్చే సరుకు కనుక వందకు ఏడెనిమిదైనా బీటవి ఉండడం మామూలే. ఈసారి ఒక్కటీ తగల్లేదు. మూడు వందలు దాటేదాకా ఆయన సంతోషించాడు కూడా. ఆ తర్వాత తీసిన గుడ్డు మీద బీట కంటికే కనిపించింది. తాకించాడు. మళ్లీ తాకించాడు. మంచిగుడ్డు చప్పుడూ దాని చప్పుడూ ఒక్కటే, రెండూ ఎక్కడో దూరంగా, దూదిలోంచి వచ్చినట్టు. ఏసీ గదిలో ఆయనకు చెమట పట్టింది.

అంతలో జూలియా వచ్చింది.

"ఏరడం అయ్యిందా నాన్నా? పోయినసారి సగం పిల్లలే వచ్చాయి. ఈసారీ పోతే ఆళ్లు మనకింక గుడ్లివ్వరు."

చేతిలోని గుడ్డును గోనె చాటుకు తోశాడు.

"అయిపోనాది. అన్నీ మంచివే," అన్నాడు.

జూలియా గుడ్ల గది తలుపు ఓరగా తెరిచి, గుడ్లను నెమ్మదిగా బయటి వేడికి అలవాటు చేసింది. ఒక్కసారిగా వేడిలో పెడితే చల్లటి పెంకు మీద నీరు పడుతుంది, ఆ తడితో మురుగు లోపలికి పోతుంది. ఆ జాగ్రత్త నేర్పిందీ ఆయనే. నేర్పిన మనిషి గడపలో నిలబడి, ఒక్కో ట్రే తన ముందు నుంచి వెళ్తుంటే చూశాడు. చెప్పడానికి ఇంకా సమయముంది అనుకున్నాడు. చివరి ట్రే కూడా వెళ్లిపోయింది, యంత్రం తలుపు పడింది.

అప్పటి నుంచి ఆయనకు అన్నం సయించలేదు. రోజుకు పదిసార్లు వెళ్లి యంత్రం తలుపు దగ్గర వాసన చూసేవాడు. ఆదివారం చర్చిలో పాస్టరుగారి పెదాలు కదలడం చూస్తూ కూర్చున్నాడు, సగం మాటలు అందలేదు. ఎనిమిదోనాడు ఏదో తియ్యటి వాసన తగిలింది. తొమ్మిదోనాటికి అది తియ్యగా లేదు.

"కాలవ కంపమ్మా," అన్నాడు, కూతురు అడగకముందే. గుమ్మడికాయల దొంగ సామెత ఆయనకు తెలియనిది కాదు.

పదకొండోనాడు మధ్యాహ్నం షెడ్డులో గుడ్డు పేలింది. ఆ చప్పుడుకు పక్కింటివాళ్లు కూడా బయటికి వచ్చారు. షెడ్డు గోడకే కుర్చీ ఆనించుకుని కూర్చున్న కృపాకర్ మాత్రం, జూలియా పరుగెత్తుకు రావడం చూసి లేచాడు.

ముక్కుకు చున్నీ కట్టుకుని ఆమె ట్రేలన్నీ బయటికి లాగింది. టార్చి పట్టి ఒక్కొక్కటే చూసింది. ఇరవై ఆరు బీటగుడ్లు. మిగతావాటిలో చాలామట్టుకు లోపల నల్లబడ్డాయి. కోప్పడుతుందని ఆయన తల వంచుకున్నాడు. కోప్పడినా బాగుండేది. ఆమె రెండు గుడ్లు తీసుకుని, ఆయన చెవి పక్కన పెట్టి తాకించింది.

"మంచిదా, బీటదా?" గట్టిగా అడిగింది.

"మంచిదే."

ఆమె అరచేయి తెరిచి చూపించింది. రెంటికీ అడ్డంగా బీటలున్నాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

పోయిన నెల నుంచి అనబోయాడు. కానీ లెక్క పోయిన నెల దగ్గర ఆగలేదు, పోయినేడు దగ్గరా ఆగలేదు. ఇన్నాళ్లూ ఏరేసిన బీటగుడ్లన్నీ కంటికో వేలికో తగిలినవే. లెక్క వెనక్కి, ఇంకా వెనక్కి పోయింది. రిటైరయ్యే ముందు చలికాలంలో, మూడు నెలల పాటు, ఆయన సుత్తికి ఒక్క చెడ్డ చక్రమూ తగల్లేదు. వీడ్కోలు సభలో ఆ మాటే చెప్పి దండ వేశారు.

"కంపెనీలో ఉన్నప్పట్నుంచేనమ్మా," అన్నాడు. "ఆ బళ్లు ఇంకా తిరుగుతన్నాయి."